జవ్వాది కొండలమీద జంటచుక్కలు

చెన్నపట్టణమునుండి బెంగుళూరునకు బోవు రైలుమార్గమున జోలారుపేట యను కూడలి కలదు. కాట్పాడి మీదుగా పోవు మన తెలుగువారు పలువురు అచ్చట బండి యాగినపుడు కాఫీ త్రాగి, దగ్గరగా నిలిచియున్న ఏలగిరిని కిటికీలోనుండి చూచి సంతోషింతురు. ఆ గిరికి వెనుకగా తూర్పుదిక్కున నీలపు గీతవలె సాగిన వేరొక శ్రేణి కలదు. దాని పేరు మాత్రము ఎవరును అడుగరు. అవి జవ్వాది కొండలు. ఒకప్పుడివి ఉత్తరార్కాడు జిల్లాలోనివి; నేను చెప్పబోవు భాగము 2019 నుండి తిరుపత్తూరు జిల్లాలో చేరినది. ఆ కొండలలో సముద్రమట్టమునకు 725 మీటర్ల యెత్తున కావలూరను చిన్న గ్రామమును, దాని ప్రక్కన అడవిలో మన దేశపు గొప్ప వేధశాలలలో నొకటియు నున్నవి.

అరుణాచలేశ్వరుని దర్శింపవలెనని మా అత్తగారు రెండేండ్లుగా కోరుచుండిరి. వైశాఖ బహుళమున బడులకు సెలవులు గనుక ఆ కోరిక నెరవేరినది. గిరిప్రదక్షిణము ముగిసిన పిమ్మట మావారు మెల్లగా కావలూరి మాట యెత్తి, శనివారమునాడు సందర్శకులను రానిత్తురనియు, ఇంత దూరము వచ్చి చూడకపోవుట తగదనియు చెప్పిరి. "అక్కడ ఏ దేవుడున్నాడురా?" అని అత్తగారు అడిగిరి. "ఇరువదియేడు నక్షత్రములును ఉన్నవమ్మా" అని వారనగా ఆమె వెంటనే ప్రయాణమునకు సమ్మతించిరి.

తిరుపత్తూరునుండి ఆలంగాయము వరకు బయలుదారి. ఇరుప్రక్కల చింతచెట్లు. ఆలంగాయము దాటినతోడనే బండి మలుపులు తిరుగుచు ఎక్కసాగును. ఈ కొండలు శ్రీగంధపు చెట్లకు ప్రసిద్ధములు. కొండవారు సామలు పండించు చెలకలు మేము పోయిన కాలమున ఎండి బీడులై యుండెను. పనసచెట్లు మాత్రము కాయలతో నిండియుండెను. క్రింద ముప్పది మైళ్లలో ఎక్కడను తోచని చల్లగాలి అచ్చట వీచుచుండుటచే, అత్తగారు దారి పొడవునను పడిన తిట్లన్నియు ఆపి, "బాగున్నదే!" యనిరి.

అడవినడుమ తెల్లని గోపురములు కనబడెను. దేవాలయ గోపురములు కావు. బోర్లించిన గిన్నెలవంటివి, నడుమ చీలికగలవి. ఈ వేధశాలను స్థాపించినవారు వైను బాప్పు గారు. తల్లిదండ్రులు మలయాళదేశీయులైనను ఆయన పెరిగినది హైదరాబాదున. తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఆ దూరదర్శినుల నడుమనే బాలుడు పెరిగి, నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో అమెరికాలోని హార్వర్డునకు బోయెను. 1949లో అచ్చట చదువుచుండగనే ఒక తోకచుక్కను కనుగొనెను. స్వదేశమునకు వచ్చిన పిమ్మట, దక్షిణాకాశము బాగుగ కనబడునట్టియు, పట్టణముల వెలుగు సోకనట్టియు తావు నెదకి కావలూరిని ఎన్నుకొనెను. 1968లో ఇచ్చట మొదట నిలిచిన దూరదర్శిని అద్దము 38 సెంటిమీటర్లది. 1972లో ఒక మీటరుది వచ్చెను. 234 సెంటిమీటర్ల పెద్ద అద్దమును బెంగుళూరిలోనే మన పనివారు సానబట్టిరి. అది కనులు తెరచినది 1986లో. బాప్పు గారు దానిని చూడలేదు, 1982లోనే స్వర్గస్థులైరి. ఆయన పేరే ఆ దూరదర్శినికిని ఆ వేధశాలకును పెట్టిరి.

ఏడడుగుల యెనిమిది యంగుళముల అద్దము! మా వంటయిల్లు దానికంటె మూరెడు మాత్రమే వెడల్పు. పగటివేళ దానికి మూత వేసి యుంచుదురు. చుట్టునున్న ఇనుప కట్టడము రథముకంటె పెద్దది. అయినను ఒక చేతి బలముతో కదలునంత తూకముగా నిలిపియున్నారు.

మాకు చూపించుటకు వచ్చిన పరిశోధక విద్యార్థిని కడపసీమ పిల్ల. తెలుగు వినబడగనే ఆమె ముఖము వికసించెను. తన సీమ మర్యాదచొప్పున అత్తగారిని "అవ్వా" యనియు, నన్ను "అక్కా" యనియు పిలుచుచు ఓపికతో చెప్పినది. అత్తగారు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఇంత పెద్ద అద్దము పెట్టుకొని మీరు ఆ చుక్కలలో ఏమి చూతురే అమ్మాయీ?"

"చాలా చూస్తామవ్వా. ముందు దాని బరువెంతో తెలిస్తే తక్కినవి చాలావరకు తెలిసినట్లే. ఎంత వెలుగిచ్చేదీ, ఎన్నాళ్లు బ్రతికేదీ అంతా బరువులోనే ఉంది."

"చుక్కను తూచగలరా?"

"జంటగా ఉన్నదాన్ని తూచగలమవ్వా. ఒంటిగా ఉన్నదాన్ని తక్కెడలో పెట్టలేము."

ఈ మాట నాకు మిక్కిలి వింతగా తోచినది. తరువాత ఆమె చెప్పినదియు, ఇంటికి వచ్చి మావారి పుస్తకములలో చదివి తెలిసికొన్నదియు కలిపి సోదరీమణులకు విన్నవింతును.

మొదట ఒక భేదము గ్రహింపవలెను. కంటికి కనబడు కాంతి వేరు, నక్షత్రపు నిజమైన తేజస్సు వేరు. గూటిలోని దీపము వీధి చివరనున్న పెట్రొమాక్సుకంటె పెద్దగా కనబడవచ్చును. మనకు రాత్రివేళ అన్నిటికంటె మిన్నగా వెలుగు లుబ్ధకము నిజమునకు సూర్యునికంటె 25 రెట్లు మాత్రమే తేజస్సు గలది. అది 8.6 కాంతిసంవత్సరముల దూరముననే యుండుటచే అట్లు ప్రకాశించును. చిత్రానక్షత్రమో, సుమారు 250 కాంతిసంవత్సరముల దూరమునుండి మినుకుమినుకు మనుచున్నది. దాని తేజస్సు సూర్యుని తేజస్సునకు వేలకొలది రెట్లు. కనుక కంటిని నమ్మి లాభము లేదు. దూరము తెలిసినచో తేజస్సును లెక్కింపవచ్చును. దూరము తెలియనపుడును తేజస్సు నంచనా వేయుటకు బరువు తోడ్పడును. అట్లు తెలిసిన తేజస్సునుండి తిరిగి దూరమును రాబట్టవచ్చును.

మరి బరువెట్లు తెలియును? ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరుగుట చూచియే యుందురు. ఒకతె బొద్దుగాను, మరియొకతె సన్నముగాను ఉన్నచో బొద్దుపిల్ల నడుమకు దగ్గరగా చిన్న సున్న చుట్టును. సన్నపిల్ల పెద్ద సున్న చుట్టును. రెండు సున్నల కొలతనుబట్టి ఎవరి బరువెంతో పోల్చవచ్చును. జంటనక్షత్రములును అట్లే ఒకదానిచుట్టు నొకటి తిరుగును. వాటి నడిమి యెడమును, ఒక చుట్టు తిరుగుటకు పట్టు కాలమును తెలిసినచో రెంటి మొత్తపు బరువు వచ్చును. లెక్క కఠినము కాదు. భూమికిని సూర్యునికిని గల యెడము ఒకటి యనుకొని, జంట యెడమును మూడుమార్లు హెచ్చవేసి, దానిని తిరుగుకాలపు సంవత్సరముల వర్గముచే భాగింపవలెను. వచ్చినది సూర్యుని బరువులలో ఆ జంట బరువు.

ఉదాహరణము మన దక్షిణదేశమునకు సంబంధించినదే కలదు. 1689 డిసెంబరు మాసమున పుదుచ్చేరిలో రిషో యను ఫ్రెంచి జెసూటు పాదిరి తోకచుక్క నొకదానిని చూచుటకు దూరదర్శిని నెత్తి, దక్షిణాకాశమున త్రిశంకువు సమీపమున వెలుగు ఆల్ఫా సెంటారీ నక్షత్రము ఒకటి కాదనియు, రెండనియు కనిపెట్టెను. కావలూరికి తూర్పున సముద్రతీరముననే ఈ విశేషము జరిగినది. ఆ రెండు చుక్కలును ఒకదానిచుట్టు నొకటి ఇంచుమించు 80 సంవత్సరములకు తిరుగును. సగటు యెడము భూమి సూర్యుల యెడమునకు 23.3 రెట్లు. హెచ్చవేసి భాగించి చూడుడు: 12,649ని 6,400 చే భాగించిన దాదాపు 2 వచ్చును. అనగా రెండు చుక్కలును కలిసి రెండు సూర్యుల బరువు. సున్నల కొలతనుబట్టి పంచగా పెద్దది 1.08, చిన్నది 0.91. మా పెద్దమ్మాయి ఈ లెక్కను కారులోనే పలక లేకుండ చేసినదని చెప్పుకొనుటకు సంతోషించుచున్నాను.

ఇట్లు అనేక జంటలను తూచి, వాని తేజస్సులతో పోల్చి చూడగా జ్యోతిశ్శాస్త్రజ్ఞులకు ఒక క్రమము గోచరించెను. బరువు రెట్టింపైనచో వెలుగు రెట్టింపు కాదు. ఇంచుమించు 16 రెట్లగును. మూడింతలైనచో 81 రెట్లు. బరువును నాలుగుమార్లు హెచ్చవేసిన తేజస్సు వచ్చునన్నమాట. ఇది స్థూలపు లెక్కయే. ఆల్ఫా సెంటారీ పెద్దచుక్కకు ఈ లెక్క 1.36 చెప్పును, కొలిచినది 1.5, చిన్నచుక్కకు 0.69 చెప్పును, కొలిచినది 0.5. లుబ్ధకము బరువు 2.06; లెక్క 18, కొలత 25. చిత్ర యనునదియు జంటయే. నాలుగుదినములకు ఒకమారు చుట్టుకొను రెండు మహాతారలు. వానిలో పెద్దదాని బరువు సుమారు 11 సూర్యులు. నాలుగుమార్లు హెచ్చవేయగా 14,641. కొలిచిన తేజస్సు 20 వేల దరిదాపు. ఇల్లాలు చేతి గుప్పెటతో బియ్యము కొలిచినట్లే యిది. శేరుతో కొలిచినవాడు కొంచె మెచ్చుతగ్గులు చూపును, కాని అన్నము తక్కువపడదు.

ఎందుకిట్లు? ఈ ప్రశ్నకు సమాధానము 1924లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి వేధశాలాధిపతి ఆర్థర్ ఎడింగ్టను చెప్పెను. నక్షత్రము వాయుగోళము. దాని బరువే దానిని లోనికి నొక్కుచుండును. కృంగిపోక నిలువవలెనన్న లోపలి వాయువు మిక్కిలి వేడెక్కి వెలికి త్రోయవలెను. ఎంత బరువో అంత వేడి. ఆ వేడిమి వెలుగై, లోపలి దట్టమైన పొరలలో అటునిటు తడబడుచు, వేల యేండ్లకు గాని పైకి రాదు. బరువైన నక్షత్రము లోపల మిక్కిలి వేడిది, బయట మిక్కిలి పెద్దది, పొరలు పలుచనివి. కనుక వెలుగు త్వరగా జారిపోవును. అట్లు జారిపోవునదే మనము చూచు తేజస్సు.

ఇందులో నాకు మిక్కిలి ఆశ్చర్యము గలిగించినది వేరొకటి. కట్టెలు ఎన్ని పెట్టిన అంత మంట యని మన వంటయింటి న్యాయము. నక్షత్రమున అది తలక్రిందులు. ఎంత వెలుగు బయటికి జారునో అంతకు సరిపోవునంత మంట లోపల తానే మండును. మంట హెచ్చినచో గోళముబ్బి చల్లబడి మంట తగ్గును. మంట తగ్గినచో గోళము కృంగి వేడెక్కి మంట హెచ్చును. అందుచేతనే లోపలి యింధనమేదో ఎవరికిని సరిగా తెలియని కాలముననే ఎడింగ్టను తేజస్సును లెక్కింపగలిగెను. ఉదజని కలిసి హీలియమగు విధమును హాన్స్ బేతె వివరించినది 1939లో. పొయ్యిలో నేమి మండుచున్నదో తెలియకయే పదునైదేండ్ల ముందు ఇంటి వెలుగు నంచనా వేసినాడు!

ఇక ఖర్చు సంగతి గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఒక యింట గాదె రెండింతలు, వాడకము పదునారింతలు. ఆ గాదె ఎన్నాళ్లు వచ్చును? పొరుగింటి గాదెలో ఎనిమిదవ వంతు కాలమే. సూర్యుని ఆయువు మొత్తము సుమారు 1,000 కోట్ల సంవత్సరములు. రెండింతల బరువుగల చుక్కకు నూరు కోట్లు దాటి కొంచెము. చిత్రలోని పెద్దతారకు ఆయువు కోటి సంవత్సరముల లెక్కలోనిది. ఆల్ఫా సెంటారీ జంటకు తోడుగా మూడవచుక్క యొకటి కలదు. మనకు అన్నిటికంటె దగ్గరి నక్షత్రము అదియే, కంటికి కనబడదు, 1915లో దక్షిణాఫ్రికాలో ఇన్నెస్ గారు కనుగొనిరి. దాని బరువు సూర్యునిలో ఎనిమిదవ వంతు. నాలుగుమార్లు హెచ్చవేయు లెక్క దీనికి చెల్లదు. అది చెప్పినదానికంటె ఈ చిన్నది ఏడెనిమిది రెట్లు ఎక్కువగానే వెలుగును. మిక్కిలి చిన్న చుక్కల లోపలి వాయువు కాగుచున్న ఎసరువలె క్రిందుమీదై పొరలుచుండుటచే వాటికి వేరు లెక్క. అయినను దాని తేజస్సు సూర్యునిలో 600వ వంతు మించదు. అందుచేత లక్షలకోట్ల సంవత్సరములు బ్రతుకును.

సాయంకాలము చీకటి పడుచుండగా పడమట చెట్లపైన లుబ్ధకము కనబడెను. ఆ పిల్ల దానిని చూపి, "ఇక్కడే లెక్క తప్పుతుందక్కా" అనినది. లుబ్ధకమునకు ఒక తోడుచుక్క కలదు. లుబ్ధకము వంకరగా నడచుట చూచి, కనబడని తోడు ఒకటి యుండవలెనని 1844లో జర్మను పండితుడు బెసెల్ చెప్పెను. 1862లో అమెరికాలో ఆల్వన్ క్లార్కు చూచెను. తూచగా అది సూర్యునంత బరువు! సూర్యునంత వెలుగీయవలెను గదా? ఈయదు. లుబ్ధకపు వెలుగులో పదివేలవ వంతు వెలుగుతో దాని ప్రక్కన అణగియుండును. పరిమాణమో, మన భూమియంత. అది ఇంధనము తీరిపోయి, ఆరిపోవుచున్న నిప్పు. ఇటు తలయెత్తి చూచిన స్వాతి నారింజరంగున మెరయుచున్నది. దాని బరువును సూర్యునికంటె కొంచెమే ఎక్కువ. తేజస్సు 170 రెట్లు. అది వార్ధకమున ఉబ్బిన నక్షత్రము. కనుక బరువునుబట్టి వెలుగును చెప్పు సూత్రము నక్షత్రముల గృహస్థాశ్రమమునకే చెల్లును. నడిమియందు ఉదజనిని నిలుకడగా వాడుకొనుచున్నంతకాలమే ఆ కట్టడి. వానప్రస్థులకును, కాటికి చేరినవారికిని చెల్లదు.

మరి ఒక చుక్క గృహస్థమో వానప్రస్థమో దూరమునుండి ఎట్లు తెలియును? దాని వెలుగును ఇంద్రధనుస్సువలె పరచిన పట్టెలో నల్లని గీతలుండును. ఉబ్బిన చుక్కలలో కొన్ని గీతలు మిక్కిలి సన్నముగ నుండునని 1897లో ప్రకటించినది ఒక స్త్రీ. హార్వర్డులో పనిచేసిన ఆంటోనియా మోరీ. ఆమె వింగడించిన ఆ సన్నగీతలవలననే తరువాతివారు మహాకాయములను వేరుచేయగలిగిరి. స్వాతివంటి చుక్కలకు మరియొక గుర్తును 1957లో విల్సను గారితో కలిసి ప్రకటించినది మన బాప్పు గారే. కాల్షియపు నల్లని గీత నడుమ, నల్లంచు చీరలో జరీపోగువలె, సన్నని వెలుగు గీత యొకటి కనబడును. ఆ జరీ ఎంత వెడల్పో చుక్క అంత తేజస్సు గలది. బరువుతో పనిలేకయే ఆ పోగును కొలిచి తేజస్సు చెప్పవచ్చును.

సందర్శకులకై పెట్టిన చిన్న దూరదర్శినిలో ఆనాడు చూపినది సప్తర్షులలోని వసిష్ఠుని. అచ్చట మా అత్తగారి సంగతి కొంత చెప్పవలెను. అరుంధతి కనబడనివారికి ఆయువు ఆరుమాసములే యని పెద్దలు చెప్పుదురు. పట్టణమునకు కాపురము మారినది మొదలు అత్తగారికి మేడమీదనుండి వసిష్ఠుడే సరిగా కనబడుట లేదు. అరుంధతి మాట చెప్పనేల! రెండేండ్లనుండి ఈ దిగులు ఆమె మనస్సున నున్నదనియు, అరుణాచలమునకు తొందరపడుటకు అదియే కారణమనియు నాకు ఆ గోపురముక్రిందనే తెలిసినది. ఆ పిల్లతో ఆమె రహస్యముగా చెప్పుకొనిరి. నాతో చెప్పలేదు.

దూరదర్శినిలో చూచినపుడు వసిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోయెను. ఇట్లు తొలుత చూచినవాడు గెలీలియో మిత్రుడగు కాస్తెల్లి, 1617లో. ఆ రెంటిలో పెద్దది మరల రెండని 1889లో హార్వర్డు పండితుడు పికెరింగు చెప్పెను. గీతలు ఒకప్పుడు జంటగాను ఒకప్పుడు ఒంటిగాను కనబడుటయే సాక్ష్యము. అట్టి రెండవజంటను ఆ సంవత్సరముననే పట్టినదియు ఆంటోనియా మోరీయే. వసిష్ఠునిలోని ఆ జంట 20 దినములన్నరకు ఒకచుట్టు తిరుగును. ఒక్కొక్కదాని బరువు 2.2 సూర్యులు. లెక్కచొప్పున ఒక్కొక్కటి 23 సూర్యుల వెలుగు. కొలత ముప్పదికి పైన. అరుంధతికిని మసకైన తోడు కలదని 2009లో తెలిసినది. పెండ్లికూతురికి చూపు ఆ ఒక్క జంటలో ఆరు నక్షత్రములున్నవి!

"అవ్వా, ఇక్కడ అద్దంలో చూడడం కాదు. దిగేటప్పుడు దారిలో బండి ఆపించుకొని ఉట్టికళ్లతో చూడండి" అని ఆ పిల్ల చెప్పినది. ఆమె మాటచొప్పున రాత్రి 10 గంటల వేళ మలుపులో, దక్షిణము తెరపిగా నున్న తావున కారు నాపించి దీపము లార్పించితిమి. ఐదునిమిషములు ఏమియు మాటాడక నిలిచితిమి. కన్ను చీకటికి అలవాటుపడిన కొలది ఆకాశము క్రిందికి దిగినట్లుండెను. ఉత్తరమున సప్తర్షులు, నడినెత్తికి కొంచెము దక్షిణముగా చిత్ర, దక్షిణపు కొండయంచుపైన త్రిశంకువును దాని యెడమప్రక్క ఆల్ఫా సెంటారీయును. వసిష్ఠుడును చిత్రయు ఒకే వేళకు నడిమింటికి వచ్చును. ఆల్ఫా సెంటారీ గంటకు పైగా ఆలసించి వచ్చును. మూడును జంటలే.

అత్తగారు చాలసేపు ఉత్తరమునకే చూచుచుండిరి. "కనబడినదే" యనిరి. ఎచ్చట నున్నదో చెప్పుమని మావారడుగగా, వసిష్ఠునికి ఏ ప్రక్కనో, ఎంత యెడమో సరిగా చెప్పిరి. కన్ను బాగుగనే యున్నది. చెడినది మా పట్టణపు ఆకాశము. ఈనాడు పట్టణములలో పురోహితుడు పెండ్లిపందిట వేయి దీపముల నడుమ ఆకాశమువైపు వ్రేలు చూపును, పెండ్లికూతురు కనబడినదని తలయూపును. ఇద్దరికిని ఏమియు కనబడదు. కావలూరినుండి చూచినను వాణియంబాడి, తిరుపత్తూరు వైపుల దిగంతమున పాలమీగడవంటి వెలుగు పరచుకొనియున్నది. హైదరాబాదు చేరువ రంగాపురమున ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1968లో 48 అంగుళముల దూరదర్శినిని నిలిపి, గ్రహణము పట్టు జంటనక్షత్రములను ఏండ్లతరబడి పరిశీలించిరి. తూకమునకు వచ్చు జంటలు అవే గదా. నగరపు వెలుగు పెరిగి అట్టి తావులకు చేరుచున్నది. మసకచుక్కల గీతలను చూడవలెనన్న దీపము కాదు, చీకటి కావలెను.

వెళ్లదలచిన సోదరీమణులు శనివారపు వేళలను ముందుగ విచారించుకొని పోవలెను. రాత్రి బస తిరుపత్తూరులోనో వాణియంబాడిలోనో కుదుర్చుకొనుట మేలు. వైశాఖమైనను పిల్లలకొక దుప్పటి యుండవలెను. చేతిదీపమునకు ఎఱ్ఱకాగితము చుట్టుకొనిన కన్ను చెదరదు.

పోలేనివారు తమ గ్రామముననే వైశాఖ బహుళమున రాత్రి 10 గంటలు దాటినపిదప దీపములకు దూరముగా ఏ చెరువుగట్టుకో పోయి నిలిచిన ఈ మూడు జంటలను ఒక్కచూపున చూడవచ్చును. అరుంధతి, చిత్ర ఎక్కడివారికైనను సులభములే. ఆల్ఫా సెంటారీకి మాత్రము దక్షిణము తెరపిగా నుండవలెను. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఆ చుక్క నడిమింటికి వచ్చు 11 గంటల దాపున, హిందూపురమువారికి దిగంతముపైన పిడికిలిన్నర, శ్రీకాకుళమువారికి పిడికిలికి కొంచె మెక్కువ, ఆదిలాబాదువారికి పిడికిలికి కొంచెము తక్కువ.